సిమిలారిటీ శాతం చూసి పేపర్ తిప్పి పంపాలా? కొత్త ఎడిటర్ ప్రశ్నకు నా సమాధానం

మాస్టారూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ డిగ్రీ కాలేజీ నుంచి ఏడాదికి రెండుసార్లు వచ్చే పరిశోధన పత్రికకు మిమ్మల్ని కొత్తగా ఎడిటర్‌గా వేశారు. సాఫ్ట్‌వేర్ రిపోర్టులో సిమిలారిటీ, అంటే వేరే రచనలతో కలిసే మాటల శాతం, 10% దాటితే పేపర్ తిప్పి పంపాలని కమిటీ రూలు పెట్టింది. ఆ రూలు ప్రకారం 31% వచ్చిన ఒక స్కాలర్ పేపర్ వెనక్కి పంపేశారు. 7% వచ్చిన మరో పేపర్ అచ్చు వేశారు. ఇప్పుడు ఆ 7% పేపర్ తన థీసిస్‌లోంచి ఎత్తినదని వేరే యూనివర్సిటీలో చదివిన ఒకాయన ఉత్తరం రాశారు. ఎక్కడ పొరపాటు జరిగింది, ఇకమీదట ఈ గ్రంథచౌర్యాన్ని ముందే ఎలా ఆపాలి అని అడిగారు.

నేను ఒక జీవశాస్త్ర పత్రికలో పదిహేడేళ్ళు ఎడిటర్ పని చూశాను. మీకు జరిగినలాంటిదే నాకూ జరిగింది. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఆ అంకె సంగతి. సాఫ్ట్‌వేర్ చేసే పని చాలా చిన్నది. మీరిచ్చిన పేపర్‌లోని పదాల వరసలను తన దగ్గరున్న నిల్వతో పోల్చి, కలిసిన చోటల్లా రంగు వేసి చూపిస్తుంది. 2008లో ప్రచురణ సంస్థలు సభ్యులుగా ఉన్న క్రాస్‌రెఫ్ సంస్థ క్రాస్‌చెక్ అనే పేరుతో ఈ సేవను పత్రికలకు మొదలుపెట్టింది. ఇప్పుడు దాన్ని సిమిలారిటీ చెక్ అంటున్నారు, వెనక నడిచేది ఐథెంటికేట్ అనే సాఫ్ట్‌వేర్. సభ్యులైన ప్రచురణ సంస్థలు తమ పేపర్ల పూర్తి పాఠాన్ని పోల్చటానికి ఇస్తాయి కాబట్టి, డబ్బు కట్టి చదవాల్సిన పేపర్లతో కూడా అది పోల్చగలదు. అయితే తన నిల్వలో లేనిదాన్ని అది చూడలేదు. కలిసిన మాటలు దొంగిలించినవా, అందరూ వాడేవా అన్నది కూడా దానికి తెలియదు. ఆ తేల్చే పని ఎడిటర్‌ది.

31% ఎలా వస్తుందో చూడండి. రిఫరెన్సుల జాబితాను లెక్కలోంచి తీయకుండా రిపోర్ట్ తీస్తే అక్కడే పదీ పదిహేను శాతం వచ్చేస్తుంది. మెథడ్స్ విభాగంలో డీఎన్‌ఏ తీయటం, పీసీఆర్ నడపటం, నీటిలో కరిగిన ఆక్సిజన్ కొలవటం లాంటి పద్ధతులను ప్రపంచమంతా దాదాపు ఒకే మాటల్లో రాస్తుంది. ఎథిక్స్ కమిటీ అనుమతి వాక్యం, నిధులిచ్చిన సంస్థకు చెప్పే కృతజ్ఞత, కాలేజీ చిరునామా కూడా కలుస్తాయి. ఆ స్కాలర్ తన థీసిస్‌ను శోధ్‌గంగలో (మన దేశపు థీసిస్‌లను ఆన్‌లైన్‌లో ఉంచే చోటు) పెట్టి ఉంటే, తన అధ్యాయం తన పేపర్‌తోనే కలిసి ఉండవచ్చు. ఇవన్నీ తీసేస్తే మిగిలేది నాలుగైదు శాతమే కావచ్చు. మరోవైపు 7% అంటే పన్నెండు పేజీల పేపర్‌లో దాదాపు ఒక పేజీ. ఆ పేజీ మొత్తం ఒకే చోట నుంచి, అదీ ఫలితాల చర్చలోంచి వచ్చి ఉంటే అది సూటిగా దొంగతనమే. కాబట్టి రిపోర్ట్ చూసేటప్పుడు పైనున్న మొత్తం శాతాన్ని పక్కన పెట్టి, ఒక్కో మూలం నుంచి ఎంత వచ్చింది, పేపర్‌లో ఏ భాగంలో పడింది అన్న రెండు విషయాలు చూడండి. ఇరవై మూలాల నుంచి ఒక్కొక్క శాతం రావటం వేరు, ఒకే మూలం నుంచి ఏడు శాతం రావటం వేరు.

మీ కమిటీ పెట్టిన 10% ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. 2018 జులైలో యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) తెచ్చిన నిబంధనల్లో ఆ అంకె ఉంది. అందులో 10% వరకు చిన్న పోలికగా లెక్కించి శిక్ష వేయరు. 10 నుంచి 40 వరకు మొదటి స్థాయి, 40 నుంచి 60 వరకు రెండోది, 60 దాటితే మూడోది. ప్రచురించిన పేపర్ల విషయంలో మొదటి స్థాయికి పేపర్ వెనక్కి తీసుకోమంటారు. రెండో స్థాయిలో దాంతోపాటు ఒక ఇంక్రిమెంట్ ఆపి, రెండేళ్ళు కొత్త స్కాలర్లను తీసుకోనివ్వరు. మూడో స్థాయిలో వరసగా రెండు ఇంక్రిమెంట్లు, మూడేళ్ళు. ఇది శిక్షలు ఎంతెంత అని చెప్పే పట్టిక. శిక్ష వేసే ముందు శాఖ స్థాయిలో ఒక ప్యానెల్, సంస్థ స్థాయిలో ఇంకో ప్యానెల్ విచారించాలి. ఆ పట్టికలోని 10%ను మన కాలేజీల్లో పాస్ మార్కుగా మార్చేశారు.

ఆ నిబంధనల్లోనే, చాలామంది చదవకుండా వదిలేసిన మాట ఇంకొకటి ఉంది. సారాంశం, పరికల్పన, పరిశీలనలు, ఫలితాలు, ముగింపు, సిఫారసులు సొంత ఆలోచన మీద ఆధారపడాలి, వాటిలో పోలికలు ఉండకూడదు. అందరికీ తెలిసిన విషయాలు, యాదృచ్ఛికంగా కలిసే మాటలకు మాత్రం వరసగా 14 పదాల వరకు మినహాయింపు ఉంది. పేరు చెప్పి ఉదహరించినవి, రిఫరెన్సులు, విషయసూచిక, ముందుమాట, కృతజ్ఞతలు, చట్టాలు, ప్రామాణిక సమీకరణాలు లెక్కలోకి రావు. అంటే 7% అయినా అది ఫలితాల్లో ఉంటే ఆ నిబంధన స్ఫూర్తికే విరుద్ధం. 31% అయినా మినహాయింపులు తీసేశాక మిగిలిందే లెక్క. మీ కమిటీ ముందు ఈ నిబంధనల ప్రతి పెట్టి చదివించండి. వాదన అక్కర్లేకుండానే రూలు మారుతుంది.

ఇక నా అనుభవం. కోస్తా జిల్లా రొయ్యల చెరువుల్లో నీటి నాణ్యత మీద ఒక పేపర్ వచ్చింది. సిమిలారిటీ 6%. రాసినాయన సీనియర్ లెక్చరర్. పేపర్ చదివి అభిప్రాయం చెప్పే ఇద్దరు రివ్యూయర్లూ చిన్న మార్పులు చెప్పి సరేనన్నారు. వేశాం. ఎనిమిది నెలల తర్వాత ఒక రిజిస్టర్డ్ పోస్టు వచ్చింది. పంపినామె ఆ ప్రాంతంలోనే ఎం.ఫిల్. చేసిన అమ్మాయి. ఆమె థీసిస్ ఎక్కడా ఆన్‌లైన్‌లో లేదు, యూనివర్సిటీ లైబ్రరీ బీరువాలో రెండు కాపీలు ఉన్నాయి, అంతే. ఆ థీసిస్‌లోంచి ఆరు పేజీలు జెరాక్స్ తీసి పంపింది. మేం వేసిన పేపర్‌లో ఉన్న పట్టికలు అవే. నెలలు మార్చలేదు, సంవత్సరం మాత్రం మార్చారు. వాక్యాలు పూర్తిగా తిరగరాసి ఉన్నాయి, అందుకే సాఫ్ట్‌వేర్‌కు దొరకలేదు.

ఆమె ఉత్తరంలో ఒక వాక్యం నేను ఇప్పటికీ మరిచిపోలేదు. "మూడో పట్టికలో అమ్మోనియా సగటు నేను తప్పుగా లెక్కేశాను సార్, ఆ తప్పు కూడా మీ పేపర్‌లో అలాగే ఉంది చూడండి" అని రాసింది. నేను కూర్చుని పన్నెండు నెలల అంకెలు కూడి పన్నెండుతో భాగించాను. ఆమె చెప్పింది నిజం. నేనూ, ఇద్దరు రివ్యూయర్లూ చదివిన పట్టిక అది. మాలో ఒక్కరమూ ఆ కూడిక చేసి చూడలేదు.

ఆ అమ్మాయికి అప్పటికి ఉద్యోగం లేదు. పెళ్ళై, చంటిపిల్లతో ఉండి, పేపర్ రాయటం వాయిదా వేసుకుంటూ వచ్చింది. రెండేళ్ళు తెల్లవారుజామున చెరువుల గట్ల మీద తిరిగి సీసాల్లో నీళ్ళు పట్టిన కష్టం ఇంకొకరి ప్రమోషన్ ఫైల్లో చేరింది. గ్రంథచౌర్యం గురించి మాట్లాడేటప్పుడు మనం శాతాలు, రూల్స్ అంటాం గానీ, అవతల ఒక మనిషి ఉంటాడు, ఉంటుంది. ఎడిటర్‌గా మన మొదటి బాధ్యత ఆ మనిషికి. పత్రిక పరువు తర్వాత.

అప్పటి నుంచి నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను, మీకూ ఇదే మొదట చెబుతున్నాను. పేపర్ రాగానే మూల డేటా అడగండి. క్షేత్రపని అయితే నమూనాలు తీసిన తేదీలు, చోట్లు, ఫీల్డ్ నోట్‌బుక్‌లో రెండు పేజీల ఫొటో. ల్యాబ్ పని అయితే పరికరం నుంచి నేరుగా వచ్చిన ఫైల్. సర్వే అయితే నింపిన ప్రశ్నపత్రాల్లో నాలుగు, పేర్లు కనపడకుండా. నిజంగా పని చేసినవాళ్ళకు ఇది పది నిమిషాల పని, చాలామంది సంతోషంగా పంపుతారు. చేయనివాళ్ళ దగ్గర నుంచి జవాబు ఆగిపోతుంది. అడిగిన మర్నాడే "వ్యక్తిగత కారణాల వల్ల పేపర్ వెనక్కి తీసుకుంటున్నాం" అని మెయిల్ పంపినవాళ్ళు నాకు ఒకరిద్దరు కాదు, అంతకన్నా ఎక్కువమందే తగిలారు. దీనికి సాఫ్ట్‌వేర్ లైసెన్స్ కూడా అక్కర్లేదు, రచయితలకు ఇచ్చే సూచనల్లో ఒక వాక్యం చేరిస్తే చాలు. పట్టికల్లో ఒకటి రెండు సగటులు మీరే లెక్కేసి చూడండి.

శాతం రూలు వల్ల ఇంకో నష్టం ఉంది. అది పిల్లల్ని దొంగదారికి నెడుతుంది. యూనివర్సిటీ గేటు ఎదుట జెరాక్స్ షాపుల్లో "ప్లేజియరిజం తగ్గించబడును" అని కాగితం అంటించి ఉండటం నేను కళ్ళారా చూశాను. వాళ్ళు చేసేది, పేపర్‌ను ఒక పారాఫ్రేజింగ్ టూల్‌లో వేసి మాటలు మార్చటం. 2021లో గియోమ్ కబనాక్, సిరిల్ లబ్బే, అలెగ్జాండర్ మగజినోవ్ అనే ముగ్గురు పరిశోధకులు ఇలాంటి పేపర్లను వేల సంఖ్యలో తవ్వి తీయటం మొదలుపెట్టారు. ఆ వింత మాటలకు వాళ్ళు "టార్చర్డ్ ఫ్రేజెస్" (చిత్రహింస పెట్టిన మాటలు) అని పేరు పెట్టారు. ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ అని ఉండాల్సిన చోట కౌంటర్‌ఫీట్ కాన్షియస్‌నెస్, బిగ్ డేటా చోట కలోసల్ ఇన్ఫర్మేషన్, బ్రెస్ట్ క్యాన్సర్ చోట బూజమ్ పెరిల్. తెలుగులో చెప్పాలంటే, రక్తపోటు అన్న మాట తీసి "నెత్తుటి పొడుపు" అని పెట్టినట్టు. శాతం తగ్గుతుంది, అర్థం చచ్చిపోతుంది. మీ విషయంలో స్థిరపడ్డ సాంకేతిక పదం ఎక్కడైనా వంకరగా కనిపిస్తే, ఆ వాక్యాన్ని సరైన పదంతో మళ్ళీ రాసి నెట్‌లో వెతకండి. అసలు పేపర్ చాలాసార్లు మొదటి పేజీలోనే దొరుకుతుంది.

మరికొందరు ఇంకా దిగజారి, ఇంగ్లిష్ అక్షరాల మధ్య అచ్చం అలాగే కనపడే రష్యన్ అక్షరాలు పెడతారు, పదాల మధ్య ఖాళీల్లో తెల్లరంగు అక్షరాలు దాస్తారు. ఇది పట్టుకోవటం తేలిక. ఫైల్ మొత్తం సెలెక్ట్ చేసి నలుపు రంగు పెట్టండి. తర్వాత కంట్రోల్-ఎఫ్ కొట్టి, ప్రతి పేజీలో ఉండే మామూలు ఇంగ్లిష్ పదం ఒకటి వెతకండి. కంటికి యాభై కనపడుతుంటే కంప్యూటర్ రెండే చూపిస్తే సంగతి తెలిసిపోతుంది. పేరాలను బొమ్మలుగా మార్చి అతికించారేమో కూడా చూడండి. ఇలాంటిది దొరికితే మాత్రం తెలియక చేశారనటానికి ఏమీ లేదు, అది కావాలని చేసిన మోసం.

కానీ మాస్టారూ, నా పదిహేడేళ్ళలో చూసిన కేసుల్లో ఎక్కువ భాగం మోసాలు కావు. ఇంగ్లిష్ భయం. పదో తరగతి వరకు తెలుగు మీడియంలో చదివి, డిగ్రీలో నోట్సు బట్టీ పట్టి, పీజీ తర్వాత ఒక్కసారిగా ఇంగ్లిష్‌లో పేపర్ రాయమంటే ఆ పిల్లలు ఏం చేస్తారు? మంచి ఇంగ్లిష్‌లో ఉన్న వాక్యం కనపడితే దాన్ని తీసుకుని అక్కడక్కడ మాటలు మారుస్తారు. అది తప్పని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. పైగా పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు రాస్తేనే మార్కులు వేసిన పరీక్షలు రాసి వచ్చారు. ముందే ఆపటం అంటే అసలు పని ఇక్కడుంది. ఏడాదికి ఒక్కసారి మీ పత్రిక తరఫున స్కాలర్లకు అరపూట వర్క్‌షాప్ పెట్టండి. స్లైడ్లు వద్దు, రాయించండి.

ఒక ఉదాహరణ ఇస్తాను. ఒక పాత పేపర్‌లో ఇలా ఉందనుకోండి: "నల్గొండ ప్రాంతంలో భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉండటానికి ప్రధాన కారణం అక్కడి గ్రానైట్ శిలల్లోని ఫ్లోరిన్ ఉన్న ఖనిజాలు నీటిలో కరగటం." మన స్కాలర్ దీన్ని ఇలా మారుస్తాడు: "నల్గొండ ప్రాంతపు భూగర్భ నీళ్ళలో ఫ్లోరైడ్ అధికంగా ఉండేందుకు ముఖ్య కారణం అక్కడి గ్రానైట్ రాళ్ళలోని ఫ్లోరిన్ గల ఖనిజాలు నీళ్ళలో కలవటం." చివర రిఫరెన్స్ నంబరు పెట్టినా సరే, ఇది కాపీయే. వాక్యం ఎముకలన్నీ పాతవే, చొక్కా మార్చారంతే.

అదే విషయాన్ని నిజాయితీగా ఎలా వాడుకోవచ్చు? "మేము నమూనాలు తీసిన బావులన్నీ గ్రానైట్ నేల మీద తవ్వినవే. ఈ ప్రాంతపు ఫ్లోరైడ్ ఆ రాతి ఖనిజాల నుంచే వస్తుందని ఫలానావారు ఇంతకుముందు చూపించారు. అందుకే మేము బావి లోతునూ ఫ్లోరైడ్‌నూ కలిపి చూశాం." ఇక్కడ పాత పేపర్ చెప్పిన విషయం, ఈ పేపర్ చేసిన పనికి కారణంగా మారింది. స్కాలర్‌కు తన పని ఎందుకు చేశాడో తెలిస్తేనే ఇలాంటి వాక్యం వస్తుంది. తెలియకపోతే ఏ టూలూ రాసిపెట్టలేదు.

దీనికి నేను పిల్లల చేత చేయించే అభ్యాసం ఇది. పేపర్ చదవండి. మూసేయండి. టీ తాగి రండి. ఇప్పుడు అందులో ఏముందో మీ స్నేహితుడికి చెబుతున్నట్టు తెలుగులో నాలుగు వాక్యాలు రాయండి. ఏ పేపర్, ఏ పేజీ అన్నది పక్కనే రాయండి. రిఫరెన్స్ తర్వాత పెట్టుకుందాంలే అనుకుంటే ఇక దొరకదు. ఆ తెలుగు వాక్యాలను చూసి ఇంగ్లిష్‌లో రాయండి. ఆఖర్న అసలు పేపర్ తెరిచి విషయం సరిగ్గా వచ్చిందా, మాటలు వాళ్ళవే పడ్డాయా అని సరిచూసుకోండి. ఇంగ్లిష్ తప్పులుంటే ఉండనివ్వండి, వాటిని దిద్దటానికి మనం ఉన్నాం. మీ పత్రిక సూచనల్లో "భాష తప్పుల కారణంగా ఏ పేపర్‌నూ తిరస్కరించం" అని స్పష్టంగా రాయండి. ఆ ఒక్క వాక్యం వల్ల కాపీలు ఎంత తగ్గుతాయో మీరే చూస్తారు, మాకు తగ్గాయి.

గైడ్‌లను కూడా వదలకండి. 2011లో అడ్వాన్స్‌డ్ మెటీరియల్స్ అనే పెద్ద పత్రికలో బెంగళూరు శాస్త్రవేత్తల పేపర్ ఒకటి వచ్చింది. అందులో కొన్ని వాక్యాలు వేరే పేపర్‌లోవి అని తేలి, రచయితలు క్షమాపణ ప్రచురించాల్సి వచ్చింది. ఆ వాక్యాలు ముఖ్యమైన ఫలితాలు కావు, అయినా దేశమంతా వార్త అయింది. పేపర్ మీద పేరున్న ప్రతి ఒక్కరూ దాన్ని మొదటి నుంచి చివరి వరకు చదివామని సంతకం చేయాలి. ఎవరు ఏ పని చేశారో విడివిడిగా రాయించుకోండి. గైడ్‌కు, తోటి రచయితలకు కూడా పేపర్ అందినట్టు మీరే నేరుగా మెయిల్ పంపండి. తన పేరు పెట్టారని తెలియనివాళ్ళు కూడా అప్పుడప్పుడు బయటపడతారు.

మీ పత్రికకు తెలుగు శాఖ వాళ్ళ వ్యాసాలు కూడా వస్తాయి కదా. వాటికి సాఫ్ట్‌వేర్ సున్నా శాతం చూపిస్తే దాన్ని ఏమాత్రం నమ్మకండి. మన పాత సిద్ధాంత గ్రంథాలు, సాహిత్య పత్రికలు చాలావరకు డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లలో కొట్టినవి. అవి యూనికోడ్ (ఏ కంప్యూటరైనా చదవగల అక్షర పద్ధతి) కావు. కంటికి చక్కని తెలుగు కనపడుతుంది, యంత్రానికి మాత్రం లోపల గుర్తుల ముద్ద కనపడుతుంది. ఇంకా పాతవి స్కాన్ చేసిన బొమ్మలు. వాటితో పోల్చి చూడటం సాఫ్ట్‌వేర్ వల్ల అయ్యే పని కాదు. ఇక్కడ మనుషులే దిక్కు. ఆ విషయం మీద ఇంతకుముందు ఎం.ఫిల్., పీహెచ్‌డీ చేసినవాళ్ళు ఎవరో కనుక్కుని వాళ్ళలో ఒకరికి రివ్యూకు పంపండి. తమ వాక్యం ఎదురైతే వాళ్ళు రెండో లైన్‌లోనే గుర్తుపడతారు. అరుదైన పాత పుస్తకాన్ని ఉదహరిస్తే ఆ పేజీ ఫొటో అడగండి. చూడని పుస్తకాన్ని చూసినట్టు, ఇంకొకరి వ్యాసంలోని రిఫరెన్సును ఎత్తి రాయటం మన దగ్గర బాగా పాతుకుపోయిన జబ్బు. ఇంగ్లిష్ విమర్శ గ్రంథాన్ని తెలుగులోకి తెచ్చుకుని తన ఆలోచనగా రాసేవాళ్ళూ ఉంటారు. అలాంటి వ్యాసంలో తెలుగు వాక్యం అకస్మాత్తుగా బిగుసుకుపోతుంది, "దేనిచేతనైతే", "ఏదైతే ఉందో" అని నడుస్తుంది. భాష మారిన చోట ఆగి చూడండి.

రివ్యూయర్ల విషయంలోనూ జాగ్రత్త పడాలి. అమెరికాలో టఫ్ట్స్ మెడికల్ సెంటర్‌కు చెందిన డాక్టర్ మైఖేల్ డాన్సింగర్ తన పేపర్‌ను యానల్స్ ఆఫ్ ఇంటర్నల్ మెడిసిన్ అనే వైద్య పత్రికకు పంపారు, అది తిరస్కరించింది. కొన్నాళ్ళకు అదే పేపర్ వేరే పత్రికలో వేరేవాళ్ళ పేర్లతో వచ్చింది, అమెరికా రోగుల స్థానంలో యూరప్ రోగులు అని కల్పించి. ఆ పేపర్‌ను రివ్యూ చేసినాయనే దొంగిలించాడు. 2016లో యానల్స్ పత్రిక డాన్సింగర్ ఉత్తరాన్ని ఆ దొంగను ఉద్దేశించిన బహిరంగ లేఖగా ప్రచురించింది. అచ్చు కాని పేపర్ ఏ నిల్వలోనూ ఉండదు కాబట్టి దీన్ని సాఫ్ట్‌వేర్ పట్టలేదు. మీకు చేతనైంది, ఏ పేపర్ ఎవరికి ఏ తేదీన పంపారో రికార్డు ఉంచటం, రివ్యూ అయ్యాక ఫైల్ తీసేస్తామని రాయించుకోవటం. తిరస్కరించిన పేపర్ల రికార్డు కూడా పారేయకండి. ఏదో ఒక రోజు ఎవరికో అదే సాక్ష్యం అవుతుంది.

తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో 2008లో బయటపడ్డ వ్యవహారం మీరు వినే ఉంటారు. ఒక రసాయన శాస్త్ర ప్రొఫెసర్ పేరుతో 2004 నుంచి 2007 వరకు విదేశీ పత్రికల్లో వచ్చిన డెబ్బై దాకా పేపర్లు కాపీ కొట్టినవో కల్పించినవో అని తేలింది. అవన్నీ రకరకాల పత్రికల్లో వచ్చాయి. ఏ ఎడిటర్ దగ్గరికి వెళ్ళినవి అతను చూశాడు, మొత్తం బొమ్మ ఎవరికీ కనపడలేదు. అందుకే మీకు అనుమానం వచ్చినప్పుడు అదే రంగంలో ఉన్న ఇద్దరు ముగ్గురు ఎడిటర్లతో మాట్లాడటం అలవాటు చేసుకోండి. అదే పేపర్ ఒకేసారి మూడు చోట్లకు వెళ్ళిందని నాకు ఇలాగే ఒకసారి తెలిసింది.

సొంత పేపర్‌నే మళ్ళీ వేయించుకోవటం మీద యూజీసీ 2020 ఏప్రిల్‌లో విడిగా ప్రకటన ఇచ్చింది. థీసిస్ నుంచి పేపర్ రాయటం తప్పు కాదు, ఆ సంగతి పేపర్‌లోనే చెప్పాలి. అచ్చయిన పేపర్‌ను పేరు మార్చి రెండోసారి పంపటం తప్పు. ఏఐ గురించి కూడా ఇప్పుడు అందరూ టెన్షన్ పడుతున్నారు. ఏఐని రచయితగా చూపకూడదని, వాడితే ఎలా వాడారో చెప్పాలని ప్రచురణ నీతి మీద పత్రికలకు సలహాలిచ్చే కోప్ సంస్థ 2023లో స్పష్టం చేసింది. దాన్నే మీ సూచనల్లో పెట్టండి. ఏఐ డిటెక్టర్ శాతం చూసి మాత్రం ఎవర్నీ దోషిగా తేల్చకండి. 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు పరీక్షిస్తే, ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్ళు స్వయంగా రాసిన వ్యాసాల్లో సగానికి పైగా ఏఐ రాసినవని ఆ డిటెక్టర్లు చూపించాయి. మన పిల్లలు రాసే ఇంగ్లిష్ ఆ కోవలోదే.

సాఫ్ట్‌వేర్ ఖర్చు గురించి: మీ యూనివర్సిటీ లైబ్రరీని అడగండి. యూనివర్సిటీ లైబ్రరీలకు సేవలందించే ఇన్‌ఫ్లిబ్‌నెట్ సంస్థ శోధ్‌శుద్ధి పథకం కింద యూనివర్సిటీలకు ఈ సేవ అందుతోంది. డీఓఐ (పేపర్‌కు ఇచ్చే శాశ్వత గుర్తింపు నంబరు) కోసం క్రాస్‌రెఫ్‌లో చేరితే సిమిలారిటీ చెక్‌కు కూడా దారి దొరుకుతుంది.

ఇక మీ చేతిలో ఉన్న రెండు కేసులు. ఉత్తరం రాసినాయనకు ఈరోజే అందిందని జవాబు ఇవ్వండి, పరిశీలించి ఫలానా తేదీలోగా చెబుతామని రాయండి. ఆయన థీసిస్ సర్టిఫైడ్ కాపీ తెప్పించుకుని, మీరు వేసిన పేపర్‌నూ దాన్నీ పేజీకి పేజీ పక్కపక్కన పెట్టి పట్టిక తయారు చేయండి. దాన్ని రచయితలందరికీ పంపి వివరణ అడగండి. ఆ మెయిల్‌లో దొంగ, మోసం అన్న మాటలు వద్దు. "మీ పేపర్‌లోని ఈ భాగాలు ఫలానా థీసిస్‌లోని ఈ భాగాలతో కలుస్తున్నాయి. దయచేసి మూడు వారాల్లో వివరణ, మూల డేటా పంపండి" అంటే చాలు. జవాబు రాకపోయినా, వచ్చింది సరిపోకపోయినా వాళ్ళ ప్రిన్సిపాల్‌కో రిజిస్ట్రార్‌కో రాయండి. శిక్ష వేయటం ఆ సంస్థ పని. పత్రిక రికార్డును సరిచేయటం మీ పని. ఈ దారి అంతా కోప్ ఫ్లోచార్టుల్లో వివరంగా ఉంది, సభ్యత్వం లేకపోయినా చదువుకోవచ్చు.

రుజువైతే రిట్రాక్షన్ నోటీసు, అంటే ఈ పేపర్‌ను ఉపసంహరించామన్న ప్రకటన, వేయండి. చాలా కాలేజీ పత్రికలు ఇక్కడే తప్పు చేస్తాయి, గుట్టుగా వెబ్‌సైట్ నుంచి పీడీఎఫ్ తీసేసి ఊరుకుంటాయి. అలా చేస్తే ఆ పేపర్‌ను ఇప్పటికే దించుకున్నవాళ్ళకు సంగతి తెలియదు, కష్టపడ్డ మనిషికి న్యాయం జరగదు. పేపర్ అక్కడే ఉండాలి, ప్రతి పేజీ మీద రిట్రాక్ట్ అయిందని పడాలి, ఎందుకు అయిందో, అసలు పని ఎవరిదో నోటీసులో ఉండాలి. పైనుంచి, పక్కనుంచి ఫోన్లు వస్తాయి. నాకూ వచ్చాయి. మీరు తయారు చేసిన పక్కపక్క పట్టిక ముందు పెడితే ఆ మాటలు ఎక్కువసేపు నిలవవు. నా కేసులో నోటీసులో ఆ అమ్మాయి పేరు, థీసిస్ పేరు, యూనివర్సిటీ, సంవత్సరం అన్నీ వేశాం. తర్వాతి సంచికలో ఆమె సొంత పేపర్ వేశాం, అమ్మోనియా సగటు సరిచేసి.

31% వచ్చిన స్కాలర్‌కు ఈ వారమే మెయిల్ రాయండి. రిపోర్టును రిఫరెన్సులు తీసేసి మళ్ళీ నడపండి, రంగు పడిన ప్రతి చోటా మీరే చదవండి. కలిసినవి మెథడ్స్ వాక్యాలే అయితే, పొరపాటున తిప్పి పంపామని, పేపర్‌ను మళ్ళీ పరిశీలనకు తీసుకుంటున్నామని చెప్పండి. ఇంట్రడక్షన్‌లో రెండు మూడు పేరాలు అతుకులుగా ఉంటే వాటికి గుర్తులు పెట్టి, పైన చెప్పిన పద్ధతిలో తిరగరాయమనండి, కుదిరితే ఒక గంట ఫోన్‌లో కూర్చుని నేర్పండి. ఆలస్యం చేయకండి. ఈపాటికి ఎవరో ఆ పిల్లకు జెరాక్స్ షాపు అడ్రసు చెప్పే ఉంటారు.